మిలిటరీ తాత మీద తేలని ఫిర్యాదు

నా చిన్నప్పుడు నాకు అన్యాయం చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒక్కరిని కూడా నేను మరిచిపోలేదు. గుర్రంకొండ కోట చూపిస్తానని పిల్లలందరినీ తీసుకెళ్ళి, కొండ కింద సంచుల దగ్గర నన్నొక్కదాన్నే కాపలా కూర్చోబెట్టిన మామ ఇప్పటికీ ఉన్నాడు. ఆయన ఇంట్లో నేను నేటికీ కాఫీ ముట్టను. నిమ్మనపల్లె పెద్దమ్మ అందరికీ రిబ్బన్లు తెచ్చి, నాది మాత్రం బస్సులో మరిచిపోయానంది. ఆ రోజు ఆమె కట్టుకున్న చీర అంచు ఏ రంగో కూడా చెప్పగలను. నా ఈ గుణాన్ని ఇంట్లో అందరూ జబ్బు అనేవాళ్ళు. నేను గడపలో అడుగు పెడితే చాలు, మా నాయన "కోర్టు వచ్చింది, జాగ్రత్తగా మాట్లాడండి" అనేవాడు. అదీ గుర్తుంది.

ఈ గుణానికి మర్యాద ఇచ్చిన మనిషి నాకు తెలిసి ఒక్కరే, మా వీధి మిలిటరీ తాత. నేను అందరికన్నా ఎక్కువ కాలం ఫిర్యాదు మోసింది కూడా ఆయన మీదే.

మాది పుంగనూరు. అవి డెబ్భైల చివరి రోజులు. తాతది మా ఎదురిల్లు. ఎక్కడో మంచుకొండల్లో చాలా ఏళ్ళు పనిచేసి, హవల్దారుగా రిటైరై వచ్చాడని చెప్పుకునేవాళ్ళు. యుద్ధం గురించి మాత్రం ఆయన నోట ఎవరూ ఏమీ వినలేదు. అడిగితే, అక్కడ చలి బాగా ఎక్కువ అనేవాడు, అంతే. మనిషి గోడకు ఆనించిన నిచ్చెనలాగా పొడుగ్గా ఉండేవాడు. ఆయన పెంచుకున్న ఆవు మాత్రం మా ఊరి పొట్టి జాతిది, ఆయన నడుము దాకా కూడా వచ్చేది కాదు. దానికి సుబేదారమ్మ అని పేరు పెట్టాడు. హోదాలో తనకన్నా పైది కాబట్టి రోజూ పొద్దున్నే దానికి సెల్యూట్ కొట్టి మరీ గడ్డి వేసేవాడు. ఎందుకు తాతా అంటే, "అలవాటు పోలేదమ్మా, పైన ఒకరుండాల" అనేవాడు.

పట్టాళంలో దర్బారు అని ఒకటి జరుగుతుందట. ఆ రోజు ఎంత చిన్న సిపాయి అయినా లేచి నిలబడి పెద్ద అధికారి ఎదుట తన కష్టం చెప్పుకోవచ్చునట. తాత ఆ దర్బారును మా వీధికి తెచ్చాడు. ఆదివారం సాయంత్రం, పాలు పితికే వేళకు ముందు, అరుగు మీద కాన్వాసు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పక్కన చేటలో బొరుగులు, వేయించిన చెనక్కాయలు ఉండేవి. "ఎవరికన్నా ఏమన్నా ఉండాదా?" అని వీధి అంతటికీ వినపడేలా అడిగేవాడు. ఉన్నవాళ్ళు వచ్చి, సావధాన్‌లో నిటారుగా నిలబడి, ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళ ముఖం చూస్తూ చెప్పాలి. ఏడవకూడదు, తిట్టకూడదు. అవతలివాళ్ళు జవాబు చెప్పాక, తాత "సరిపాయనా?" అని అడుగుతాడు. "సరిపాయ" అంటే ఇద్దరూ ఒకే చేటలోంచి చెరొక పిడికెడు బొరుగులు తీసుకుని తినాలి. అనకపోతే, అనేదాకా ఆ ఇద్దరిలో ఏ ఒక్కరూ వీధి దాటకూడదు. అది పట్టాళంలో ఉందో లేదో తెలియదు, తాత మా కోసం కల్పించిన రూలు అనుకుంటాను.

దానితో పెద్ద తమాషాలే జరిగేవి. ఒకసారి పాలు పోసే ఆమె, రవిక చేతులు బిగుతుగా కుట్టాడని టైలరు మీద ఫిర్యాదు చేసింది. టైలరు ఎన్ని చెప్పినా ఆమె సరిపాయ అనలేదు. పొద్దు వాలుతోంది, వీధిలో ప్రతి ఇంట్లోనూ కాఫీకి నీళ్ళు మరుగుతున్నాయి, పాలామె వీధి దాటి పోయి పితికితే గానీ పాలు రావు. ఆఖరికి వీధి వీధంతా టైలరు మీద పడితే, పాపం అతను మిషను అరుగు మీదకు మోసుకొచ్చి, అందరి ఎదుటా కుట్లు విప్పి మళ్ళీ కుట్టాడు.

నేను వెళ్ళని ఆదివారం ఉండేది కాదు. పెద్దవాళ్ళు నవ్వితే తాత వేలెత్తి వాళ్ళను ఆపేవాడు. "నవ్వాకండప్పా. పట్టాళంలో ఇట్లాంటోళ్ళు ఒకరన్నా ఉండాల. లేకుంటే వంటోడు ఉప్పు వేసేది మరిచిపోతాడు" అనేవాడు. రిబ్బన్ల పెద్దమ్మను కూడా ఆయన అరుగు ఎదుట నిలబెట్టాను. ఆమె సంజాయిషీ నాకు నచ్చలేదు కానీ, నిమ్మనపల్లె బస్సు పోతుందని అందరూ కంగారు పెడితే సరిపాయ అన్నాను. అలా తొందరపడి అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇక అసలు సంగతి. ప్రతి ఆగస్టు పదిహేనుకూ మా వీధి పిల్లలకు తాత పరేడ్ నేర్పి, బడి మైదానానికి నడిపించేవాడు. వరస ముందు నడిచేవాళ్ళ మెడలో ఆయన పట్టాళపు ఇత్తడి ఈల వేసేవాడు. ఆ ఈల ఊదితేనే మేమందరం కదలాలి, ఆగాలి. మళ్ళీ పరేడ్ దాకా అది వాళ్ళ దగ్గరే ఉండేది. ఒక ఏడాది పరేడ్ అయ్యాక, ఆవును కట్టేసే చోట నిలబడి ఆయన నాతో స్పష్టంగా అన్నాడు, "వచ్చే ఏడు ఈల నీకేనమ్మా" అని. సుబేదారమ్మ తప్ప సాక్షి లేదు. అయినా మాట మాటే.

ఆ ఏడాదంతా నేను వరండాలో ఒంటరిగా నడుస్తూ సాధన చేశాను. తీరా ఆ పొద్దున ఇస్త్రీ మడత నలగని గౌను వేసుకుని వరస ముందుకు వెళ్ళి నిలబడితే, తాత ఈల తీసి పక్కింటి అక్క మెడలో వేశాడు. పక్కింటి అక్క నాకన్నా కొంచెం పెద్దది. తల్లి లేదు. బడిలో హాజరు పిలిస్తే కూడా ఆమె గొంతు పైకి వచ్చేది కాదు, చెయ్యి ఎత్తేది. ఎవరైనా ఏమన్నా అడిగితే తల ఊపేది. అలాంటి పిల్ల మెడలో నా ఈల! వెనక వరసలోకి వెళ్ళి నిలబడి, ఒక్క అడుగు తప్పకుండా నడిచాను. ఒకరి నోట మాట పడే సందు నేను ఇవ్వదలచుకోలేదు. పరేడ్ అయ్యాక పంచిన పెప్పర్‌మెంట్లు మాత్రం తీసుకోలేదు.

ఆ రోజు నుంచి తాతతో నాకు మాటలు లేవు. ఆదివారం ఆయన కుర్చీ వేసుకునేవాడు. నేను ఎదురుగా మా అరుగు మీద, మా ఇంటి బొరుగులు మా ఇంటి గిన్నెలోనే పెట్టుకుని కూర్చునేదాన్ని. "ఎవరికన్నా ఏమన్నా ఉండాదా?" అని అడిగేటప్పుడు ఆయన చూపు వీధి దాటి నా దాకా వచ్చేది. నేను చెనక్కాయ పొట్టు ఊదుకుంటూ కూర్చునేదాన్ని. తప్పు చేసింది ఆయన, వచ్చి చెప్పాల్సింది ఆయన అని నా వాదన. ఫిర్యాదు ఉన్నవాళ్ళే లేచి చెప్పాలి అని దర్బారు రూలు. ఇద్దరం కదల్లేదు.

దసరా దాటాక తాతకు ఆయాసం వచ్చింది. మదనపల్లెలో మిషనాసుపత్రికి తీసుకెళ్ళారు. మా నాయన చూసి వచ్చి, అక్కడ కూడా దుప్పటి మడత సరిగ్గా లేదని నర్సమ్మలకు డ్రిల్ చేయిస్తున్నాడని చెప్తే ఇంట్లో అందరూ నవ్వారు. నేను బయటికి నవ్వలేదు. ఆయన ఎలాగూ తిరిగి వస్తాడు, వచ్చాక ఎవరు ముందు మాట్లాడతారో చూద్దాం అనుకున్నాను. ఆయన రాలేదు. వ్యానులో తీసుకొచ్చారు.

అంత మంది మనుషులను మా వీధిలో నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. మదనపల్లె నుంచి, కుప్పం నుంచి రిటైరైన సిపాయిలు పాత టోపీలు పెట్టుకుని వచ్చి, మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి, వరసగా సెల్యూట్ చేసి నిలబడ్డారు. టైలరు షాపు మూసి గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. పాలామె ఎవరి ఇంటికీ పోలేదు. సుబేదారమ్మ మాత్రం వేళకు గడ్డి తిన్నది. వీధిలో క్రమశిక్షణ తప్పనిది అదొక్కటే. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. నాకు జవాబు చెప్పకుండా తప్పించుకుని వెళ్ళిపోయాడు అనిపించింది. ఇక నా ఫిర్యాదు ఎవరి ముఖం చూసి చెప్పాలి? అదే ఆలోచన. అన్నం తింటున్నా అదే, పలక తుడుస్తున్నా అదే.

ఆయన దివసాలు ఆదివారం నాడు వచ్చాయి. కర్మకాండ అయిపోయి, పందిట్లో అందరి భోజనాలూ ముగిశాయి. బంధువులు, వీధివాళ్ళు, పాత సిపాయిలు చాపల మీద కూర్చుని, పోయినవాళ్ళ గురించి మాట్లాడే పద్ధతిలో మెల్లగా మాట్లాడుతున్నారు. అంత మంచి మనిషి లేడు, దేవుడులాంటి మనిషి, అలా. అప్పుడు తాత భార్య, మేము అవ్వ అనేవాళ్ళం, లోపలి నుంచి కాన్వాసు కుర్చీ తెచ్చి అరుగు మీద వేసింది. పక్కన చేట పెట్టింది. చేటలో బొరుగులు.

"ఏమప్పా, ఈ పొద్దు ఆదివారం గదా. దర్బారు యాల నిలిపినారు?" అంది. "ఆయన దేవుడని మీరంతా చెప్తా ఉంటే నాకు వేరే ఎవరి దివసాలకో వచ్చినట్టుండాది. ఆయన మీద ఎవరికేముండినా లేసి చెప్పండి. పోయినాడని మొగమాట పడాకండి. ఆయప్పకు అది గిట్టదు."

ముందుగా తాత కొడుకే లేచి, ఖాళీ కుర్చీ ఎదుట నిటారుగా నిలబడ్డాడు. "నా పెండ్లి నాడు గూడా తెల్లారకముందే ఈల ఊది లేపినావు నాయనా. పెండ్లికూతురి తట్టోళ్ళు ఇల్లు కాలిపోతాండాదని బయటికి ఉరికిరి" అన్నాడు. ముందు ఒకరు ముక్కులో నవ్వారు, ఆ వెంటనే పందిరంతా నవ్వింది. అవ్వ కుర్చీ తరఫున జవాబు చెప్పింది. "ముహూర్తం తప్పలేదు గదా! సరిపాయనా?" కొడుకు సరిపాయ అని పిడికెడు బొరుగులు తీసుకున్నాడు. ఆ తరువాత టైలరు లేచాడు. మిషను అరుగు మీదకు మోయించారు కదా, అప్పటి నుంచి తనకు నడుము నొప్పి అని. పాలామె కూర్చున్నచోటు నుంచే, "ఆ రవిక ఇప్పుటికీ బిగువేనప్పా" అంది.

కుప్పం నుంచి వచ్చిన ఒక ముసలి సిపాయి, తాతతో కలిసి ఒకే గుడారంలో పడుకున్నవాడు, కర్ర పక్కన పెట్టి లేచాడు. ఆయన మాటలో కొంచెం అరవం కలిసేది. "సర్వీసులో నేను సీనియర్. అది నీకు తెలుసు. నన్ను దాటి నువ్వు ముందు పోవచ్చునా? ఏ రూల్ ప్రకారం పోయినావప్పా?" అని కుర్చీని అడిగాడు.

అవ్వ కొంచెం ఆలోచించి, "నువ్వే గదన్నా చెప్పింది, పట్టాళం యాడికన్నా పోతే ముందర పోయి గుడారం వేసి, పొయ్యి పెట్టేది జూనియర్లని. దానికే పోయుంటాడు" అంది.

ఆ కుప్పం తాత చేట దగ్గరకు వచ్చాడు. "సెరి. సరిపాయ" అని ఒక పిడికెడు తీసుకుని, తినకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు.

అప్పుడు అవ్వే కుర్చీ ఎదుటకు వచ్చి నిలబడింది. ఆమెకు కూడా ఫిర్యాదు ఉంటుందని మాకెవరికీ తోచలేదు. "ఇన్నేండ్లు నా చేతి సంగటి తిన్న్యావు. ఒక్కనాడన్నా బాగుండాది అన్న్యావా? పోనీ బాగలేదని తిట్టినావా? రాయి మాదిరి తిని లేసినావు" అంది. ఆమెకు కుర్చీ తరఫున జవాబు చెప్పడానికి ఎవరున్నారు? కుప్పం తాత కూర్చున్నచోటే పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. "నీకు చెప్పలేదామ్మా? మాకు చెప్పినాడు గదమ్మా! ఆ మంచులో, దుప్పట్లో ముడుక్కోని, రోజూ నీ చింతచిగురు పప్పు, నీ సంగటి. అది వినలేక నేను వేరే గుడారం అడిగినాను. ఇయ్యలేదు." అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో, ఇంకేమిటో నాకు కనపడలేదు. సరిపాయ అని మాత్రం వినపడింది.

నేను లేచాను. మా నాయన గౌను పట్టుకుని, "ఏమ్మే, ఈ పొద్దు గూడానా?" అన్నాడు. విడిపించుకుని వెళ్ళి సావధాన్‌లో నిలబడ్డాను. "మాట ఇచ్చి తప్పినాడు. ఈల నాకిస్తానని చెప్పి అక్కకిచ్చినాడు. యాల ఇచ్చినాడో చెప్పలేదు. చెప్పకనే పోయినాడు" అన్నాను. ఏడవకూడదనే రూలు అతి కష్టం మీద పాటించాను.

అవ్వ ఆశ్చర్యపోలేదు. వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, నా ఎత్తుకు సమానంగా ముఖం పెట్టి చెప్పింది. "నీకు చెప్పల్లని ప్రతి ఆదివారం కాసుకోనుండె తల్లీ. నువ్వొస్తే ఏమి చెప్పల్లనో నన్ను నీ మాదిరి నిలబెట్టి ప్రాక్టీసు చేసినాడు. నేను మూతి ముడుసుకోని నిలబడల్ల, ఆయన సంజాయిషీ చెప్పల్ల. రూలు ప్రకారం నువ్వే రావల్లంట, ఆయన అడక్కూడదంట. ఇద్దురూ ఇద్దురే." పందిట్లో నవ్వులు. "ఏమి చెప్పేవాడంటే, ఆ పాపకు ఈల యాల? అది నోరు తెరిస్తే చౌడేపల్లె దాకా ఇనపడ్తాది. ఈ పక్కింటి బిడ్డకు గొంతు లేదు, దానికి ఈల అన్నా ఉండల్ల గదా అని."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన చెప్పింది నిజమే, అది నాకు ఆ వయసులోనే అర్థమైంది. కానీ నాకిచ్చిన మాట కూడా నిజమే కదా. ఒక నిజం చెప్పి ఇంకో నిజాన్ని కొట్టేస్తే ఎలా?

అప్పుడే జనంలోంచి పక్కింటి అక్క లేచింది. నా పక్కకు వచ్చి, నాలాగే నిటారుగా నిలబడింది. ఆమె అందరి ఎదుట మాట్లాడడం అదే మొదలు. "ఆ పాప చెప్పేది న్యాయమే. మాట దానికే ఇచ్చినాడు" అంది. గొంతు సన్నగా ఉంది కానీ, పందిరి చివర కూర్చున్నవాళ్ళు కూడా తల తిప్పి చూశారు. మెడలోంచి ఈల తీసి నా ముందు పట్టుకుంది. "తీసుకో. నాకు పని అయిపోయింది" అంది.

ఈల ఎండకు మెరుస్తోంది. గొలుసు ఆమె వేలికి చుట్టుకుని ఉంది. నేను దాన్ని ఎంత కోరుకున్నానో నాకు తెలుసు. చేతులు కదలనివ్వకుండా తొడలకు ఆనించుకునే ఉన్నాను. "మాట ఇచ్చింది నువ్వు గాదు గదక్కా. ఆయప్ప ఇయ్యల్ల" అన్నాను.

"సరిపాయనా మే?" అని అవ్వ అడిగింది.

"సరిపోలేదు" అన్నాను.

మా నాయన తల పట్టుకున్నాడు. అవ్వ నా ముఖంలోకి చూస్తూ ఉండి ఉండి, ఒక్కసారిగా పకపకా నవ్వింది. ఆయన పోయిన తరువాత ఆమె అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి అని అక్కడివాళ్ళు తరువాత చాలాకాలం చెప్పుకున్నారు. "ఇన్న్యారా? సరిపోలేదంట! అట్లయితే ఇంగ ఆయప్ప యాడికీ పోలేడు. సరిపాయ అనేదాకా వీధి దాటకూడదు గదా, రూలు ఆయనదే గదా. ఈడనే ఉండల్ల!" అని, నా రెండు బుగ్గలూ పట్టుకుని దగ్గరకు లాగింది. "నువ్వు అనొద్దు తల్లీ. ఎవరు చెప్పినా అనొద్దు" అంది.

కుప్పం తాత లేచి నాకు సెల్యూట్ చేశాడు. రూలు ప్రకారం నాకు బొరుగులు ఇవ్వలేదు. పందిట్లో అందరూ తిన్నారు, నేను తప్ప. అది కూడా గుర్తుంది.

ఆ తరువాత చాలా ఏళ్ళు, ఆదివారం సాయంత్రం సుబేదారమ్మకు గడ్డి వేస్తూ అవ్వ వీధి అవతల నుంచి కేక వేసేది, "ఏమ్మే, సరిపాయనా?" అని. "సరిపోలేదవ్వా" అని నేను అరిచేదాన్ని. నా గొంతు చౌడేపల్లె దాకా వినపడేది కాబట్టి ఆమెకు ఇబ్బంది ఉండేది కాదు. "మంచిది" అని ఆమె లోపలికి వెళ్ళేది. పరేడ్ ముందు నడిచే పని తరువాతి ఏడాది నాకే వచ్చింది. ఈల వేసుకోకుండానే నడిపించాను, గొంతుతో.

నేను పెళ్ళై మదనపల్లె వచ్చాను. పక్కింటి అక్క కుప్పం దగ్గర ఒక బడిలో టీచరై, పిల్లలతో పరేడ్ చేయించి రిటైరైంది. ఆ ఈల ఆమె దగ్గరే ఉంది. ఇప్పుడు ఆమెను గొంతు తగ్గించమని చెప్పాల్సి వస్తోంది ఫోనులో. కలిసినప్పుడల్లా ఈల తీసి చూపిస్తుంది, సరిపాయనా అంటుంది. మొన్న కూడా అడిగింది.

ఆ దివసాల రోజు నుంచి ఎవరి వల్లైనా నాకు కష్టం కలిగితే ఇంకో వారానికి వాయిదా వేయను. ఆ మనిషి ఉండగానే వెళ్ళి, నిటారుగా నిలబడి, ముఖం చూసి చెప్తాను. ఇంటివాళ్ళకూ బ్యాంకువాళ్ళకూ అది నచ్చదు, నచ్చకపోతే పోనీ. చెప్పి, జవాబు విని, సరిపోతే సరిపాయ అనేస్తాను. వాళ్ళ ఇంట్లో ఏది పెడితే అది తింటాను, గుర్రంకొండ మామ ఇంట్లో తప్ప.

మిలిటరీ తాత సంగతి మాత్రం వేరు. పుంగనూరు వెళ్ళినప్పుడు ఆ వీధి మొదట్లో ఆటో దిగి, ఆ ఇంటి దాకా నడిచే వెళ్తాను. అరుగు ఇప్పుడు లేదు, అక్కడ మెట్లు కట్టారు. ఆ మెట్ల ఎదుట ఒక్క క్షణం కాళ్ళు దగ్గరకు చేర్చి నిలబడతాను. ఎవరికన్నా ఏమన్నా ఉండాదా అని ఆ గొంతు అడిగినట్టే ఉంటుంది. ఉంది తాతా, ఇంకా సరిపోలేదు అని చెప్పి, వీధిలో ఆయన్ను అలాగే డ్యూటీలో వదిలిపెట్టి వస్తాను.